వంగని కొక్కెం

“చప్పుడు ఎలా వచ్చింది, జ్ఞానయ్య గారూ?”

పోలీసు స్టేషన్ వెనక గదిలో బెంచీ మీద కూర్చుని ఆయన తన అరచేతుల వంకే చూసుకుంటున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఆకివీడు అవతల మంగాయమ్మ గారి ఐస్ ఫ్యాక్టరీలో బరువులెత్తే హాయిస్టుకి ఆపరేటరు. మంగళవారం పొద్దున ఆయన ఐస్ డబ్బాల వరసని ఉప్పునీళ్ళ తొట్టిలోంచి పైకెత్తి పక్కకి జరుపుతుండగా కొక్కెం విరిగింది. కింద నిలబడి తన లారీకి ఐసు లెక్క చూసుకుంటున్న చేపల వ్యాపారి హనుమంతరావు మీద ఆ వరస మొత్తం పడింది. ఆయన అక్కడికక్కడే చనిపోయాడు.

రెండు వరసలు ఒకేసారి తగిలించి ఎత్తాడన్నది జ్ఞానయ్య మీద ఆరోపణ. ఆ రోజు నుంచీ ఆయన్ని పొద్దున్నే పిలిచి, సాయంత్రం ఇంటికి పంపిస్తున్నారు. ఇవాళ శుక్రవారం. సోమవారం కోర్టులో పెడతామని సి.ఐ. గారు నాతో మర్యాదగానే చెప్పారు.

నా పేరు లక్ష్మీకాంతం. ఇన్సూరెన్సు సర్వేయరుగా ఇరవై రెండేళ్ళు విరిగినవీ కాలినవీ మునిగినవీ చూసి చూసి, తర్వాత ఏలూరు పవర్‌పేటలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. ఆ బోర్డు చూసి నవ్వేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నవ్వనీ. జ్ఞానయ్య కూతురు విజయకుమారి మాత్రం నవ్వకుండా మెట్లెక్కి వచ్చి, “మా నాన్న అబద్ధం ఆడరండీ, అది మీరొక్కరు నమ్మితే చాలు” అంది. నమ్మడం నా వృత్తి కాదు గానీ వచ్చాను.

“చప్పుడు గురించి అడిగాను.”

“ఠప్‌మందండీ,” అన్నాడు చివరికి. “పింగాణీ పళ్ళెం గచ్చు మీద పడితే ఎలా ఉంటదండీ? అలాగ.”

“అంతకు ముందు?”

“ఏం లేదండీ. గొలుసు మూలగలేదు, మోటారు ఆగలేదు. ముందు రోజు ఎలా లేచిందో అలాగే లేచిందండీ. పట్టాల అతుకు దగ్గర చిన్న కుదుపు ఉంటదండీ, రోజూ ఉండేదే. అక్కడ ఠప్‌మంది.”

“రెండు వరసలు తగిలించారా?”

“ఒకటేనండీ. ఒట్టు వెయ్యమని మాత్రం అడక్కండి, మా క్రైస్తవుల్లో ఒట్టు వెయ్యకూడదు. ఒకటేనండీ.”

“హనుమంతరావు గారితో ముందు రోజు గొడవ పడ్డారట.”

“ఐసు బోలుగా ఉందన్నారండీ. బోలు కాదన్నాను. గొంతు పెరిగింది. అంతేనండీ, సాయంత్రం ఆయనే టీ ఇప్పించారు.”

“కొక్కెం ఈ మధ్య మార్చారా?”

“మార్చలేదండీ. రంగుకి వెళ్ళొచ్చింది. ఆఫీసులో ఇచ్చాను, వారం పోయాక ఆకుపచ్చ రంగేసి తెచ్చి ఇచ్చారు. రెండు రోజులు నా పనిముట్ల పెట్టెలో ఉంది. ఆ మర్నాడు నేనే బిగించానండీ.” అరచేతులు మళ్ళీ చూసుకున్నాడు. “ఈ చేతుల్తోనే బిగించాను. అదే తినేస్తోందండీ నన్ను.”

బయట వరండాలో విజయకుమారి క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. మిషన్ స్కూల్లో టీచరు. నేను అడక్కుండానే చెప్పింది, రేపు మధ్యాహ్నం వాళ్ళ చర్చిలో కొత్త గంట ఎత్తుతున్నారని. పాత గంట బీటలు వారితే, తాడేపల్లిగూడెంలో కొన్న కొత్త గంట వ్యానులో వచ్చి గుమ్మంలో కూర్చుందట.

“నాన్నే ఎత్తాలని అందరూ అనుకున్నామండీ. ఇప్పుడు ఈయన స్టేషన్లో. గంట ఆగదు గదండీ, క్రిస్మస్ నెల వచ్చేసింది. నా క్లాసు పిల్లలు పాట కూడా నేర్చుకున్నారు.” ఒక్క క్షణం ఆగింది. “మంగాయమ్మ గారి మీద మాకేం కోపం లేదండీ. ఇంత జరిగినా చర్చికి కావలసిన సామానంతా ఆవిడే పంపించారు.”

ఆ మాట విన్నాను. విని, పక్కన పెట్టేశాను. నా బుర్రలో అప్పటికి ఉన్నది పింగాణీ పళ్ళెం ఒక్కటే. ఇనుప కొక్కెం పళ్ళెంలా పగలడం ఏమిటి?

ఫ్యాక్టరీకి వెళ్ళేసరికి నాకన్నా ముందు సెంటు వాసన అక్కడికి చేరి ఉంది. ఆ వాసన ఉంటే గోపీచంద్ ఉన్నట్టే. నా దగ్గరే రెండేళ్ళు పని నేర్చుకుని, విజయవాడ వెళ్ళి, నాకంటే పెద్ద బోర్డు పెట్టుకున్నాడు. ఈ కేసులో ఫ్యాక్టరీ తరఫు మనిషి.

“నమస్కారం మేడం. ఇంత దూరం మీరెందుకండీ? ఫోన్ చేస్తే నేనే చెప్పేవాణ్ణి కదా.”

“నువ్వు చెప్పేది వినడానికి కాదు బాబూ, కొక్కెం చెప్పేది విందామని వచ్చాను.”

“అది కూడా చెప్పించేశానండీ.” ఫైలు తెరిచి ఒక సర్టిఫికెట్ చూపించాడు. “విరిగిన ముక్క మీద సి.ఐ. గారి ఎదురుగానే పరీక్ష చేయించాను. వజ్రపు మొన పెట్టి నొక్కితే సొట్ట కూడా సరిగ్గా పడలేదు. మామూలు కొక్కెం కంటే రెండింతలు గట్టిగా ఉంది. సరుకులో లోపం లేదు. అంత గట్టి కొక్కెం విరిగిందంటే మొయ్యలేనంత బరువు వేసినట్టే. జ్ఞానయ్య తొందరగా పని ముగించుకుందామని రెండు వరసలు తగిలించాడు. కేసు అయిపోయిందండీ.”

“మామూలు దానికంటే రెండింతలు ఎందుకు గట్టిగా ఉంది?”

“మంచి కంపెనీది అయ్యుంటుంది.”

“అయ్యుంటుందా, అడిగావా?”

గోపీచంద్ నవ్వాడు. జవాబు లేనప్పుడు అతను ఎప్పుడూ చేసే పనే అది. ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండుతుంది.

కొక్కెం కింది ముక్క పోలీసుల దగ్గర ఉంది. పై ముక్క ఇంకా హాయిస్టు కప్పీకే వేలాడుతూ ఉంది, చుట్టూ పోలీసు టేపు. కానిస్టేబులు నిచ్చెన పట్టుకుంటే ఎక్కాను. నా మోకాళ్ళు ఒప్పుకోలేదు గానీ వాటిని అడిగి ఎక్కలేదు. టార్చి వేసి, భూతద్దం పెట్టి చూశాను.

ఇనుము మొయ్యలేని బరువు మోస్తే ముందు సాగుతుంది. కొక్కెం నోరు తెరుచుకుంటుంది, మెడ సన్నబడుతుంది, పైనున్న రంగు పెచ్చులూడుతుంది. చూసేవాడికి కళ్ళుంటే పారిపోయే వ్యవధి ఇస్తుంది. ఇక్కడ అలాంటిదేం లేదు. మెడ మొదట ఎంత లావుందో అంతే ఉంది. విరిగిన చోటు చదునుగా, పటికబెల్లం ముక్కని విరగ్గొట్టినట్టు పలుకులు పలుకులుగా మెరుస్తోంది. ఒక్క అంచున మాత్రం గోరంత మేర మెరుపు లేదు. అక్కడ నెలవంక ఆకారంలో సన్నగా ఆకుపచ్చ.

“ఏం కనిపించిందండీ?” గోపీచంద్ కింది నుంచి అడిగాడు.

“రంగు.”

“కొక్కేనికి రంగుండదా ఏంటండీ?”

“పైన ఉంటుంది. లోపల ఎందుకుంటుంది?”

దిగి ఆఫీసు గదికి వెళ్ళాను. మంగాయమ్మ గారు గోనె సంచి విప్పి కొడవళ్ళు బల్ల మీద పరుచుకుని, ఒక్కోదాని అంచూ బొటనవేలితో తడిమి చూస్తున్నారు. డెబ్భై ఏళ్ళుంటాయి. మండవల్లిలో ముప్ఫై ఎకరాల వరి చేయించే మనిషి. భర్త పోయాక ఈ ఫ్యాక్టరీ కూడా నెత్తిన పడింది.

“కూర్చోండమ్మా. టీ తాగుతారా? రేపటి నుంచి మా కోతలు. మిషన్లు వచ్చినా, గాలికి పడిపోయిన చేలకి కొడవలే గదండీ గతి.” కొడవలి పక్కన పెట్టి నా ముఖంలోకి చూశారు. “ఒక్క మాట చెప్పండి. మా జ్ఞానయ్య తప్పు చేశాడంటారా? ఇరవై ఏళ్ళ నుంచి ఉన్నాడు. ఈ అబ్బాయి చెప్పేది వింటుంటే నిజమే అనిపిస్తుంది. జ్ఞానయ్య మొహం గుర్తొస్తే కాదనిపిస్తుంది. నిద్ర పట్టట్లేదండీ.”

ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ బాధలో నటన లేదు. ఉంటే నేను పట్టేదాన్నే.

“కొక్కెం ఎక్కడ కొన్నారండీ?”

“తాడేపల్లిగూడెంలోనేనండీ. ఒక పెట్టెలో మూడు వచ్చాయి.”

మూలనున్న చెక్కపెట్టె తెప్పించారు. లోపల మూడు గుంటలు. ఒక గుంటలో గ్రీజు పూసి, కాగితం చుట్టిన కొక్కెం పడుకుని ఉంది. మిగతా రెండూ ఖాళీ.

“ఆ రెండూ పనిలో పెట్టామండీ,” అన్నారు మంగాయమ్మ గారు. అంతలో భీమవరం నుంచి వచ్చిన లారీ ఐసు కోసం హారను కొట్టింది. పక్క ఫ్యాక్టరీ నుంచి ఐసు ఇప్పించే ఏర్పాటు చెయ్యడానికి ఆవిడ ఫోన్ అందుకున్నారు. నాకు కావలసింది పెట్టెలో ఉన్న ఆ కొత్త కొక్కెం. అది దొరికింది కాబట్టి ఇంకేం అడగలేదు.

సి.ఐ. గారికి ఫోన్ చేశాను. విరిగిన కొక్కెంలోంచీ, దాని తోబుట్టువులోంచీ చెరొక ముక్క కోసి పరీక్ష చేయిద్దామన్నాను. రెండు పక్షాలవాళ్ళూ ఎదురుగా ఉంటే సరేనన్నారు. కాబట్టి సెంటు వాసన కూడా మాతో రావాల్సి వచ్చింది.

వట్లూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబు. శనివారం పొద్దున పది గంటలు. అక్కడి లెక్చరరు జాయ్సీ ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. కళ్ళజోడు ఎగదోసుకుంటూ మాట్లాడుతుంది. రాత్రికి రాత్రే వర్క్‌షాపులో ముక్కలు కోయించి, నునుపు చేయించి, ఒక్కోదాని నడుముకీ చిన్న గాటు పెట్టించి సిద్ధంగా ఉంచింది. వేలెడు పొడవు, వేలంత లావు కడ్డీలు. కానిస్టేబులు వాటి పక్కన కుర్చీ వేసుకుని కాపలా కాస్తున్నాడు.

ల్యాబు మధ్యలో ఇనుప చట్రానికి వేలాడుతూ బరువైన సుత్తి. ఉయ్యాలలా ఊగే సుత్తి. పైన గుండ్రటి డయలు, ఒక ముల్లు.

“ఇది చార్పీ మిషనండీ,” అంది జాయ్సీ. “సుత్తిని ఇంత ఎత్తు నుంచి వదుల్తాం. దారిలో ఏమీ లేకపోతే అవతల పక్కకి దాదాపు అంతే ఎత్తు లేస్తుంది. దారిలో కడ్డీ పెడితే దాన్ని విరగ్గొట్టుకుని వెళ్ళాలి. విరగ్గొట్టడానికి ఎంత శక్తి ఖర్చయితే అవతల అంత తక్కువ లేస్తుంది. ఆ తేడాని ముల్లు చూపిస్తుంది, శక్తిని కొలిచే జౌళ్ళలో.”

“కడ్డీకి గాటెందుకు?” గోపీచంద్ అడిగాడు.

“ప్రతి వస్తువుకీ ఎక్కడో ఒక గీత, ఒక గాడి ఉంటుంది కదండీ. విరగడం అక్కడే మొదలవుతుంది. గాటు ఉన్నా, దెబ్బ హఠాత్తుగా తగిలినా, ఎంత ఓర్చుకుంటుందో చూడాలి.”

“ఇదంతా అవసరమా అండీ? గట్టిదనం కొలిచి సర్టిఫికెట్ ఇచ్చారు కదా.”

జాయ్సీ కళ్ళజోడు ఎగదోసుకుంది. “గట్టిదనం అంటే సొట్ట పడకపోవడం సార్, గీత పడకపోవడం. అద్దం మేకుకంటే గట్టిది. అద్దంతో కొక్కెం చేసి ఐసు ఎత్తుతామా? దెబ్బ తగిలినప్పుడు వంగి, సాగి, ఆ దెబ్బని తనలో ఇముడ్చుకోవడం వేరే గుణం. మా పుస్తకాల్లో దృఢత్వం అని రాస్తారు. మా నాన్న వడ్రంగి. ఆయనైతే చేవ అంటారు.”

చేవ. ఆ మాట నాకు నచ్చింది. టేకు దుంగ నడిమి భాగాన్ని తట్టి చూసి మా ఇళ్ళలో కూడా అదే అనేవాళ్ళు.

మొదట పెట్టెలోని కొత్త కొక్కెం ముక్క. జాయ్సీ దాన్ని కింద రెండు దిమ్మెల మధ్య అడ్డంగా ఆనించి, మమ్మల్ని పసుపు గీత అవతల నిలబెట్టి, మీట లాగింది. సుత్తి దిగింది. దబ్ మని మొద్దు చప్పుడు. అవతల సుత్తి సగమే లేచి వెనక్కి వచ్చేసింది. ముల్లు తొంభై నాలుగు దగ్గర ఆగింది. ముక్క పూర్తిగా తెగను కూడా లేదు. మధ్యకి వంగి, పీచు పీచుగా చిరిగి, ఒక పక్క ఇంకా అంటుకునే ఉంది.

తర్వాత విరిగిన కొక్కెం ముక్క.

సుత్తి దిగింది. ఠప్.

పళ్ళెం పగిలిన చప్పుడు. కానిస్టేబులు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. సుత్తి దారిలో ఏమీ తగలనట్టే అవతలి కొస దాకా లేచింది. ముక్కలు రెండూ చెరో గోడకీ ఎగిరిపోయాయి. ముల్లు ఆరు మీద ఉంది.

“ఆరు జౌళ్ళు,” అంది జాయ్సీ నెమ్మదిగా. “మామూలు గది వేడిలో ఆరు. ఐస్ ఫ్యాక్టరీ చలిలో ఇంకా తక్కువే ఉంటుంది. ఒకే పెట్టెలో వచ్చిన ఒకే ఇనుము ఇలా తేడా రాదండీ. దీన్ని ఎవరో ఎర్రగా కాల్చి ఒక్కసారిగా నీళ్ళలో ముంచారు. గట్టిపడింది, చేవ చచ్చిపోయింది. అలా ముంచినప్పుడే సన్నటి పగులు కూడా వచ్చుంటుంది. ఇలాంటి కొక్కేనికి రెండు వరసల బరువు అక్కర్లేదు. ఒక వరస బరువూ, ఒక చిన్న కుదుపూ చాలు.”

పట్టాల అతుకు దగ్గర కుదుపు. రోజూ ఉండేదే.

నేను గోపీచంద్ వంక చూశాను. అతను తెల్లబోతాడనుకున్నాను. తెల్లబోలేదు. సర్టిఫికెట్ మడిచి ఫైల్లో పెట్టి, ఫోన్ బయటికి తీశాడు.

“చాలా మంచి పని చేశారు మేడం. నేను నిర్లక్ష్యం అనుకున్నాను. ఇది నిర్లక్ష్యం కాదు, హత్య. ముందు రోజు హనుమంతరావుతో గొడవపడింది జ్ఞానయ్య. కొక్కెం రెండు రోజులు పెట్టుకున్నది జ్ఞానయ్య. బిగించింది జ్ఞానయ్య. సి.ఐ. గారికి నేనే చెప్తాను, సోమవారం దాకా ఎందుకు?”

నమ్మి నా మెట్లెక్కిన పిల్లకి నేను చేసిన సాయం ఇదా? నిర్లక్ష్యం కేసు కాస్తా హత్య కేసయ్యింది. ఫోన్ మీద అతని వేలు కదులుతోంది. నేను కేక వెయ్యలేదు. గొంతు పెంచితే ఓడిపోయినట్టే లెక్క.

“ఫోన్ జేబులో పెట్టు గోపీ. ముందు ఒక్క సంగతి చెప్పు. ఎర్రగా కాల్చిన ఇనుము మీద రంగు నిలుస్తుందా?”

“మాడిపోతుంది.”

“విరిగిన కొక్కెం మీద రంగు మాడిందా?”

“...లేదు.”

“జాయ్సీ, ఆ అంచు చూపించమ్మా ఇతనికి.”

జాయ్సీ పోలీసులు తెచ్చిన కింది ముక్కని భూతద్దాల మిషను కింద పెట్టింది. నెలవంకంత పాత పగులు, దాని నిండా ఆకుపచ్చ రంగు. రంగు పగులు లోపలికి పాకి ఎండిపోయింది.

“కాల్చి ముంచారు, పగులు వచ్చింది, ఆ తర్వాత రంగు పడింది. వరస అదే, ఇంకోలా కుదరదు,” అన్నాను. “రంగు పడ్డాకే అది జ్ఞానయ్య పెట్టెలోకి వచ్చింది. ఆయన చేతికి వచ్చేసరికే అది చచ్చిన కొక్కెం. మరి రంగు వేయించిందెవరు? నీకు పని అప్పజెప్పిందెవరో ఆవిడే.”

గోపీచంద్ చాలాసేపు ఆ అద్దంలోంచి కన్ను తియ్యలేదు. తీశాక ఫోన్ జేబులో పెట్టాడు. ఈసారి నవ్వలేదు. పని నేర్చుకునే రోజుల్లో కూడా, తప్పని తెలిస్తే మొండికేసేవాడు కాదు. అది మర్చిపోయాను.

“ఆవిడ అలాంటి మనిషి కాదండీ,” అన్నాడు.

“నాకూ అలాగే అనిపిస్తోంది. పద, అడుగుదాం. నీ కారే తియ్యి, నాది ఏసీ పనిచెయ్యదు.”

మండవల్లిలో మంగాయమ్మ గారి చేలో కోత మొదలైంది. కొల్లేరు వైపు నుంచి వచ్చిన గాలికి ఒక పక్క చేను మొత్తం నేలకి వాలిపోయింది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని కొడవళ్ళతో కోస్తున్నారు. ఆవిడ గట్టు మీద కుర్చీ వేయించుకుని, చేతిలో ఒక కొడవలి పట్టుకుని కూర్చున్నారు. మమ్మల్ని చూసి లేవబోయారు. వద్దని గట్టు మీదే చతికిలబడ్డాను.

“కొక్కేనికి రంగు ఎవరిచేత వేయించారండీ?”

“వీరాస్వామి చేతనండీ. మా ఊరి కమ్మరి.”

“కమ్మరి చేత రంగు వేయించారా?”

“రంగు కోసం పంపలేదండీ. అది ఊరికే చివర్లో వేసిచ్చాడు.” చాలా మామూలుగా చెబుతున్నారు. “కోతల ముందు ఏటా కొడవళ్ళన్నీ సంచిలో వేసి వీరాస్వామికి పంపుతాం. కాల్చి, సాగగొట్టి, నీళ్ళు పట్టించి ఇస్తాడు. సీజనంతా అంచు మాయదు. కొక్కేలు చూస్తే, గొలుసు ఆనే చోట గాడి పడి అరిగిపోతున్నాయి. కొత్తవి ఎన్నని కొంటాం? కొడవళ్ళతో పాటు వాటికీ నీళ్ళు పట్టించవయ్యా, అరక్కుండా ఉంటాయి అని చెప్పాను. గట్టిపడ్డాయి కూడానండీ, ఆకురాయి వేసినా గీత పడలేదని మురిసిపోయాడు.” మా ఇద్దరి ముఖాలూ చూసి ఆగారు. “ఏం? ఏమైందండీ?”

ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. చెప్పక తప్పదు కాబట్టి ఆవిడ చేతిలోని కొడవలి అందుకున్నాను.

“దీనికి అంచొక్కటే గట్టిపడాలండీ. వెనకంతా మెత్తగానే ఉంటుంది, అందుకే రాయికి తగిలినా వంగుతుంది గానీ పగలదు. వీరాస్వామి అంచొక్కటే ముంచుతాడు. కొక్కేనికి అంచేదండీ? అందుకని మొత్తం ముంచేశాడు. అది అరగడం మానేసింది. దాంతో పాటు వంగడం కూడా మానేసింది.”

ఆవిడకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. తెలివైన మనిషి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కోస్తున్న ఆడవాళ్ళకి వినపడకుండా ఏడ్చారు. నేను ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

గోపీచంద్ గొంతు వెనక నుంచి మెల్లగా వినిపించింది. “మేడం. ఆవిడ కొక్కేలు అన్నారు.”

పెట్టెలో మూడు గుంటలు. ఒకటి నిండు, రెండు ఖాళీ. నా చెయ్యి ఆవిడ భుజం మీదే బిగుసుకుంది.

“ఎన్ని పంపారండీ వీరాస్వామికి?”

“రెండు.”

“రెండోది ఎక్కడుంది?”

“చేత్తో లాగే చైన్ కప్పీ ఉందండీ, దానికి...” అని, ఆవిడ నా వంక చూసి, కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. “జ్ఞానయ్య వాళ్ళ చర్చికి ఇచ్చానమ్మా. గంట ఎత్తుకోవడానికి.”

టైము పన్నెండూ ఇరవై. విజయకుమారికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. గోపీచంద్ అప్పటికే కారు దగ్గరికి పరుగెత్తబోయి ఆగిపోయాడు. ఎంత తోలినా అక్కడికి ముప్పావుగంట.

మూడోసారికి ఎత్తింది. వెనక పిల్లల పాట, గోడలకి తగిలి మారుమోగుతూ.

“మేడం! వినిపిస్తోందాండీ? గంట లేచింది!”

“పిల్లలు ఎక్కడున్నారమ్మా?”

“గంట చుట్టూనేనండీ. సగం ఎత్తులో ఆపారు, పాస్టరు గారు ప్రార్థన చెయ్యబోతున్నారు.”

“విజయా, నేను చెప్పినట్టు చెయ్యి. కేక వెయ్యకు. పాట ఆపించకు. పాడుకుంటూనే పిల్లల్ని వరసలో బయటికి నడిపించు. పెద్దవాళ్ళని వాళ్ళ వెనకే రమ్మను. గొలుసు ఎవరూ లాగకూడదు, దించకూడదు. ఎక్కడుందో అక్కడే వదిలేసి వచ్చెయ్యమను.”

“ఎందుకండీ?”

“కొక్కెం విరిగినప్పుడు పళ్ళెం పగిలిన చప్పుడు వచ్చిందని మీ నాన్న ఇంట్లో చెప్పలేదా?”

ఆమె గొంతు, ఫోన్‌కి దూరంగా, క్లాసు గదిలో ఎలా ఉంటుందో అంత నిదానంగా. “రెండో చరణం ఎత్తుకోండర్రా. చేతులు పట్టుకోండి. చిన్నవాళ్ళు ముందు. నడుస్తూ పాడాలి. పాస్టరు గారండీ, మీరు కూడా, దయచేసి.”

స్పీకరు పెట్టాను. గోపీచంద్ దగ్గరికి వచ్చి వంగి నిలబడ్డాడు. మంగాయమ్మ గారు కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. పాట కదులుతోంది. ప్రతిధ్వని తగ్గి, గొంతులు పలచబడి, విడివిడిగా వినిపించడం మొదలైంది. ఎక్కడో ఒక స్కూటరు హారను. ఆరుబయటకి వచ్చేశారన్నమాట. ఇంకా ఎవరో మగ గొంతు లోపల్నుంచి, “గంట ఊగకుండా తాడు పట్టుకున్నాం కదమ్మా, వదిలెయ్యాలా?” అని అడుగుతోంది.

“వదిలేసి రండి అంకుల్, వచ్చెయ్యండి,” అంది విజయకుమారి. అడుగుల చప్పుడు.

ఠప్.

ఆ వెంటనే గంట మోగింది. కొత్త గంట మొదటిసారి మోగడం, నేల మీద, ఒక్కసారి. దాని మోత చాలాసేపు సాగింది. పాట ఆగిపోయింది.

“విజయా.”

ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకున్నాను.

“విజయా!” ఈసారి గొంతు పెంచాను.

“ఉన్నానండీ.” ఊపిరి అందడం లేదు ఆమెకి. “లెక్కపెడుతున్నాను, ఉండండి... అందరూ ఉన్నారండీ. అంకుల్ కూడా గుమ్మం దాటేశారు. అందరం బయటే ఉన్నామండీ.” అని ఒక్కసారిగా ఏడ్చేసింది. వెనకే ఎవరో చిన్నపిల్ల, పాట మళ్ళీ మొదలుపెట్టాలా టీచర్ అని అడిగింది.

ఫోన్ పెట్టేశాను. చేలో ఆడవాళ్ళు కోత ఆపి మా వంకే చూస్తున్నారు.

మంగాయమ్మ గారు కొంగుతో ముఖం తుడుచుకుని లేచారు. గట్టు దిగి చెప్పులు వేసుకున్నారు.

“గోపీచంద్ గారూ, కారు తియ్యండి.”

“చర్చికాండీ?”

“ముందు స్టేషన్‌కి. కొక్కెం నేనే పాడు చేయించానని చెప్పాలి. అక్కణ్ణుంచి జ్ఞానయ్య కూడా వాళ్ళ అమ్మాయి దగ్గరికి మనతోనే వస్తాడు.”

గోపీచంద్ నా వంక చూశాడు. నేను కారు వెనక తలుపు తీసి పట్టుకున్నాను.